రానివాళ్ళను అడిగిన మేడమ్

రియాద్‌లోని బతాలో కొడుకు కాపురంతో కలిసి నేను అద్దెకుండే బిల్డింగులో, కింది అంతస్తు గదుల్లో కట్టుబడి పనివాళ్ళు ఉంటారు. ఎండాకాలం సాయంత్రాలు డ్యూటీ దిగి రాగానే వాళ్ళు ఐసు జాకెట్లు విప్పి మెట్ల కమ్మీకి ఆరేస్తారు. తడిసిన రబ్బరు, చెమట, సిమెంటు దుమ్ము కలిసిన వాసన మెట్లన్నీ ఎక్కి మా తలుపు దాకా వస్తుంది. మా కోడలు ముక్కు మూసుకుని తలుపేస్తుంది. నేను తెరుస్తాను. "ఏందవ్వా, ఏసీ గాలంతా బయటికి పోతాంది. కరెంటు దండగ అని నువ్వే కదా అరిచేది" అని మనవరాలు దెప్పుతుంది. నిజమే, ఈ ఇంట్లో దండగ అనే మాట ఎక్కువగా వాడేది నేనే. అయినా ఆ వాసన తగిలితే కాసేపు గడపలో నిలబడతాను. ఆ జాకెట్ల వెనక ఒక మనిషి కష్టం ఉంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. నేను ఆమెకు టీ కాచి ఇచ్చాను, ఆమె చేత చీవాట్లు తిన్నాను, తిరిగి నేనూ పెట్టాను. ఆమె పేరు డాక్టర్ వైదేహి.

మాది కడప పక్క పల్లె. దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. మూడో తరగతిలో ఉండగా మా అమ్మ బడి మాన్పించి పత్తి పనికి పెట్టింది. మా ఆయన పోయాక సౌదీ వచ్చి కొన్నేళ్ళు ఒక ఇంట్లో వంట చేశాను. తర్వాత ఒక క్లీనింగు కంపెనీలో చేరితే, వాళ్ళు రియాద్‌లోనే ఒక పరిశోధనా కేంద్రానికి పంపారు. తుడవడం, టీ, గావా అనే అరబ్బు కాఫీ కాయడం నా పని. మొదట్లో అక్కడ ఏం చేస్తారో నాకు అంతుబట్టలేదు. డాక్టర్లంటారు, రోగులు కనిపించరు. ఫ్యాక్టరీలంటారు, ఒక్క మిషనూ లేదు. అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుని అంకెలు చూస్తుంటారు. కొత్త మందు పనిచేస్తుందా, కొత్త మిషను వల్ల కూలివాడికి మేలా కీడా అని ఆస్పత్రులవాళ్ళూ కంపెనీలవాళ్ళూ లెక్కలు తెచ్చి ఇక్కడ పోస్తే, వీళ్ళు చేటలో చెరిగి, నిజం ఇదీ అని చెబుతారట. అట్లా చెరిగేవాళ్ళకు పెద్ద వైదేహి మేడమ్. కాకినాడ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. పొట్టిగా, బక్కగా, ఎప్పుడూ ఒళ్ళంతా కప్పే ముదురు రంగు అబాయాలో ఉండేది. నేను చేరిన రోజే నన్ను "హుసేనమ్మగారూ" అని పిలిచింది. గారు తగిలించినంత మాత్రాన బకెట్టు బరువు తగ్గుతుందా అనుకున్నాను.

మా మొదటి గొడవ టీ మీద. మేడమ్ రోజూ కప్పులో సగం వదిలేసేది. పాలు, చక్కెర సింకులో పారబోయడం నా వల్ల కాదు. ఒక పొద్దున సగం కప్పే పోసి తీసుకుపోయి పెట్టాను. ఆమె కప్పులోకి చూసి, నా మొహంలోకి చూసింది.

"ఇదేవిటండీ, సగవే ఇచ్చారు?"

"సగమే తాగుతారు కాబట్టి."

"ఎప్పుడు చూశారు?"

"నిన్న వదిలినారు, మొన్న వదిలినారు. ఇంకేం చూడాల?"

"నిన్నా మొన్నా నాకు మీటింగులున్నాయి. మీటింగు లేని రోజు చూడకుండానే నా కొలత తేల్చేశారన్నమాట!"

మరునాడు పంతానికి నిండా పోసి ఇచ్చాను. మొత్తం తాగేసింది. ఆ మరునాడు మళ్ళీ సగం మిగిలింది. "ఇప్పుడేమంటారు?" అన్నాను గెలిచినట్టు. "ఇంకొన్నాళ్ళు చూడాలంటాను" అంది నవ్వకుండా. చక్కెర పారబోయడానికి ఇంత చదువు కావాల్నా అని వంటగదిలోకి పోయి గొణుక్కున్నాను. ఆమెకు వినబడేటట్టే గొణిగాను.

ఇంకొకసారి మధ్యాహ్నం నా అన్నం నేను వండుకుంటుంటే వచ్చి గట్టుకు ఆనుకుని నిలబడింది. నేను గిన్నెలోంచి ఒక మెతుకు తీసి వేళ్ళతో నొక్కి, పొయ్యి కట్టేశాను. ఆమె చూస్తోందని తెలిసి ఊరుకోలేక అన్నాను: "అన్నమంతా పట్టి చూడాల్సిన పనిలేదు, ఒక మెతుకు చాలని పెద్దోళ్ళు ఊరికే అన్నారా మేడమ్? మీరేమో అంతమందిని సూదులతో పొడిపించి లెక్కలేస్తారు."

"ఆ మెతుకు తీసే ముందు ఏం చేశారు?"

"ఏం చేసినా? గరిటెతో కలబెట్టినా."

"ఎందుకూ?"

"అడుగుది మెత్తబడి ఉంటాది, పైది పలుకుంటాది. కలపకుండా పైది పట్టుకుంటే ఏం తెలుస్తాది?"

"చూశారా, సామెతలో ఆ గరిటె లేదు. కలిపితేనే ఒక మెతుకు చాలేది. నా ఉద్యోగవంతా ఆ కలపడవేనండీ."

అంత పెద్ద ఉద్యోగాన్ని నా గిన్నెలో ఇమిడ్చి చెప్పినందుకు సంతోషపడాలో, నా సామెతను చెడగొట్టినందుకు కోపగించుకోవాలో తెలియలేదు. ఇంత అన్నం, పప్పు పెట్టి ఇచ్చాను. అడుగు మెతుకులు కూడా మిగల్చకుండా తిన్నది.

ఐసు జాకెట్ల పని వచ్చింది ఆ తర్వాతే. ఎండలో పనిచేసేవాళ్ళ కిడ్నీలు దెబ్బతింటున్నాయని, ఇక్కడి కుర్ర ఇంజనీర్లు కొందరు ఒక జాకెట్ తయారుచేశారు. దాని జేబుల్లో గడ్డకట్టిన సంచులు పెడితే ఒళ్ళు చల్లగా ఉంటుందట. ఊరి బయట సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో ఒక ఎండాకాలమంతా సగంమందికి ఆ జాకెట్లు తొడిగి, సగంమందిని మామూలుగా ఉంచి, నెలనెలా రక్తం తీసి చూశారు. కాలం ముగిసేసరికి జాకెట్ తొడిగినవాళ్ళ రక్తం బాగుందని తేలింది. డైరెక్టర్ గారు బస్బూసా మిఠాయి తెప్పించారు. వచ్చే ఎండాకాలానికి ఇంకెన్నో ఫ్యాక్టరీలు ఈ జాకెట్లు కొంటాయని అందరూ సంబరంగా తిన్నారు. మేడమ్ ముక్క ముట్టలేదు.

జాకెట్ తొడిగి మొదలుపెట్టినవాళ్ళలో కొందరు చివరి పరీక్షకు లేరు. అదీ ఆమె పట్టు. కంపెనీని అడిగితే కొందరు ఖురూజ్, అంటే దేశం వదిలే ముద్ర, కొట్టించుకుని ఊరికి పోయారని, కొందరు వేరే సైటుకు మారారని జవాబొచ్చింది. రక్తమే లేనప్పుడు వాళ్ళను లెక్కలోంచి తీసేద్దామని ఆఫీసు పిల్లలు అన్నారు. ఆ సంగతి నాకు చెబుతూ మేడమ్ అంది: "పెళ్ళిభోజనం చివరిదాకా కూర్చుని తిన్నవాళ్ళనడిగితే బాగుందనే అంటారు. మధ్యలో విస్తరి ముందునుంచి లేచిపోయినవాళ్ళని ఎవరడుగుతారండీ?"

ఆమెకొక పద్ధతి ఉండేది. ఏ పనిలోనైనా కనబడకుండా పోయిన ప్రతి మనిషికీ తన గదిలోని తెల్లబోర్డు మీద ఒక ఖాళీ గడి గీసేది. అతని సంగతి తెలిసేదాకా ఆ గడి ఉండాల్సిందే. నాకది తెలియదు. ఏమీ రాయని గళ్ళెందుకని ఒకరోజు తడిగుడ్డ ఎత్తాను. ఆమె కుర్చీలోంచి లేచి కేక పెట్టింది. "తుడవకండి! అందులో మనుషులున్నారు!" అంత గట్టిగా ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు.

ఆ గళ్ళలో చాలామంది ఉత్తర తెలంగాణ వాళ్ళే. మేడమ్ తనే ఫోన్ చేసేది. "నమస్కారవండీ, పరిశోధనా కేంద్రం నుంచి మాట్లాడుతున్నాను" అనగానే అవతల ఫోన్ పెట్టేసేవాళ్ళు. కంపెనీ ఏదో కేసు పెడుతోందని భయం. నేను కప్పులు తీస్తూ నవ్వాను. "మీ కచేరీ తెలుగు వింటే భయానికి నాకే ఏదో కాయితం మీద సంతకం పెట్టాలనిపిస్తాది మేడమ్." ఆమె లేచి వెళ్ళి, నా చేత ఫోన్లు చేయించడానికి డైరెక్టర్ గారి అనుమతి తెచ్చుకుంది. ఆ రోజు నుంచి పని అయ్యాక ఆమె పక్కన కూర్చుని నేను మాట్లాడేదాన్ని. నా పేరు, ఊరు, ఎందుకడుగుతున్నామో, జవాబివ్వడం ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చని కూడా నా చేత మొదటే చెప్పించేది.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "నాయనా, తిన్నావా? బాగుండావు కదా? జాకెట్‌తో ఏం ఇబ్బంది రాలేదు కదా?" "ఏం రాలే అక్కా, మంచిగనే ఉన్న" అన్నాడు మొదటివాడు. రెండోవాడూ అదే అన్నాడు. వరసగా అందరూ బాగున్నారు. "చూసినారా, ఊరికే దిగులుపడినారు" అన్నాను. మేడమ్ కలం కింద పెట్టింది.

"హుసేనమ్మగారూ, మీరు అడిగారా, చెప్పారా?"

"ఏందీ?"

"బాగున్నావు కదా అంటే బాగున్నాననే అంటాడు. పెద్దావిడ అంత ప్రేమగా అడిగితే లేదనడానికి నోరెలా వస్తుంది? ఎలా ఉన్నావని అడిగి నోరు మూసుకోండి."

"అవతలోడు పలకకపోతే?"

"అప్పుడూ మూసుకోండి."

"ఫోన్ పట్టుకుని ఊరికే కూర్చుంటే దండగ కాదా?"

"ఈ ఒక్క దండగా నా కోసం చెయ్యండి."

మా ఊళ్ళలో ఎవరినైనా పలకరించే తీరే అది. ఆరోగ్యం బాగుందా, పిల్లలు బాగున్నారా అంటాం. అన్నీ బాగున్నాయంటారు. అది మర్యాద. ఆ మర్యాద మానుకోవడం నాకు చీపురు పట్టడంకంటే కష్టమైంది. మొదటివాడికే మళ్ళీ ఫోన్ చేశాం. "ఎట్లుండావు నాయనా?" అని ఆపాను. అవతల ఫ్యాన్ తిరిగే చప్పుడు, ఎవరో పిల్ల ఏడుపు. నోరు తెరవబోతే మేడమ్ నా చెయ్యి నొక్కింది. ఎంతసేపటికో అతను అన్నాడు: "ఏం చెప్పాలె అక్కా... కాళ్లు వాస్తున్నయి."

అక్కడినుంచి అతనే చెప్పుకుంటూ పోయాడు. పొద్దున జాకెట్ హాయిగా ఉండేదట. ఎండ నెత్తికెక్కేసరికి సంచులు కరిగి వేడెక్కి, తడి బస్తా మోసినట్టుండేదట. విప్పుతానంటే ఫోర్‌మన్ ఒప్పుకోడు. "మీకు ఐసున్నది, మీకెందుకు రెస్టు?" అని జాకెట్ వాళ్ళకు నీడలో కూర్చునే సమయం తీసేశాడట. నీళ్ళకు పోయినా కసిరేవాడట. మూత్రం టీ రంగులోకి తిరిగింది. ఆఖరి పరీక్షకు బండి వచ్చిన పొద్దున అతను గదిలో లేవలేక పడి ఉన్నాడు. తర్వాత టికెట్ చేతిలో పెట్టి పంపేశారు.

అందరిదీ అదే కథ కాదు. ఒకాయన నిజంగానే చెల్లెలి పెళ్ళికి పోయి, ఊళ్ళోనే దుకాణం పెట్టుకుని హాయిగా ఉన్నాడు. మేడమ్ అది కూడా అంతే శ్రద్ధగా రాసుకుంది. కానీ చాలామంది మొదటివాడు చెప్పిందే తమ తమ మాటల్లో చెప్పారు. ఒక్కొక్క గడీ నిండుతూ వచ్చింది. చివరికి ఒక్కటే మిగిలింది. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన లింగయ్య. అతని నంబరు ఎప్పుడు చేసినా పలకలేదు.

డైరెక్టర్ గారు సౌదీ మనిషి, నెమ్మదస్తుడు. కానీ ఆయన మీద అటు ఫ్యాక్టరీ, ఇటు జాకెట్ల వాళ్ళు తొందరపెడుతూ కూర్చున్నారు. ఒకరోజు నేను గావా పోస్తుండగా ఆయన మేడమ్‌తో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. "వన్ మ్యాన్" అన్న మాట నాకూ అర్థమైంది. ఒక్కడి కోసం ఎన్నాళ్ళు ఆగాలి అని. ఎండాకాలం ఆగదు కాబట్టి రిపోర్టు ఇచ్చేస్తానని, లింగయ్య గడిలో మాత్రం తెలియదు అనే రాస్తానని మేడమ్ చెప్పిందట. జాకెట్ ఒక్కటే కాపాడదని, మధ్యాహ్నం సంచులు మార్చాలని, జాకెట్ ఉందని చెప్పి నీడనూ నీళ్ళనూ కోయకూడదని ఆ రిపోర్టులో ఉంది. ఫ్యాక్టరీవాళ్ళకు రుచించలేదు. డైరెక్టర్ గారు కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, దాని మీద సంతకం పెట్టారు. ఇప్పుడు మా కింది గదులవాళ్ళు మధ్యాహ్నం జాకెట్ విప్పి నీడలో కూర్చుంటున్నారంటే అది ఆ సంతకం వల్లే.

ఆ చలికాలంలో మేడమ్ కప్పు నిండుగానే తిరిగి రావడం మొదలైంది. ఒకరోజు కాదు, వరసగా. ఇంకొన్నాళ్ళు చూడాలనుకున్నాను, ఆమె నేర్పిందే కదా. అబాయా భుజాల మీద నిలవకుండా జారుతోంది. "మేడమ్, యూ ఆర్ ఫైన్, నో?" అని దారిలో ఎదురైన ఆఫీసు పిల్లలు అడిగేవాళ్ళు. "ఫైన్, ఫైన్" అనేది. ఒక మధ్యాహ్నం వంటగదిలోకి మంచినీళ్ళకు వచ్చింది. నేను తలుపు దగ్గరికి వేసి, మరుగుతున్న నీళ్ళు ఆపేసి అడిగాను.

"ఎట్లుండారు మేడమ్?"

అడిగి నోరు మూసుకున్నాను. ఆమె నవ్వింది. "నా మంత్రం నాకేనా?" సింకులో కుళాయి బొట్టు పడుతోంది. ఆమె నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"భయంగా ఉంది హుసేనమ్మగారూ. కడుపులో గడ్డ. ఎంతమందిలో ఎంతమంది బతుకుతారో డాక్టరు చెప్పాడు. ఆ లెక్క వెయ్యడం నాకొచ్చు. జన్మంతా నేనేసిన లెక్కే. అందులో నేనెటువైపున్నానో మాత్రం ఎవరూ చెప్పలేరు."

దేవుడున్నాడు, తగ్గిపోతుంది అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "నాకూ తెలీదు మేడమ్" అన్నాను. ఆమె నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. "ఆ ముక్క చెప్పినవాళ్ళు మీరొక్కరే" అంది. అంత చదివిన మనిషి, అంత తేలిక. మా పత్తి బస్తాలు అంతకంటే బరువుండేవి.

ఉద్యోగం వదిలి, ఆమె కూడా ఖురూజ్ తీసుకుని కాకినాడలో అక్క ఇంటికి వెళ్ళిపోయింది. బోర్డు మీద లింగయ్య గడి అట్లాగే ఉంచమని పిల్లలకు చెప్పి వెళ్ళింది. చివరిసారి ఫోన్‌లో ఆమె గొంతు పీలగా ఉంది. తన సంగతి చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, నేను ఆగాను. నొప్పి గురించి చెప్పింది, రాత్రి అక్కను నిద్ర లేపడానికి మొహమాటంగా ఉంటుందని చెప్పింది. ఆపైన "లింగయ్య?" అంది.

"ఇంకా తెలీదు మేడమ్."

"బాగున్నాడనుకోకండి. పోయాడనీ అనుకోకండి. అడగండి."

తర్వాత వచ్చిన ఫోన్ వాళ్ళ అక్కగారిది.

కేంద్రంలో ఆమె గదికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. మంచి పిల్ల, నెమ్మదిగా మాట్లాడుతుంది. గదికి రంగు వేయించాలని, బోర్డు శుభ్రం చేసివ్వమని అడిగింది. ఆ గడి సంగతి చెప్పాను. పాపం, ఓపిగ్గానే విన్నది. ఆ పని ఎప్పుడో ముగిసిపోయిందమ్మా అంది. తుడవడం నా పని. తుడిచాను. ఆరిపోయిన సిరా తేలిగ్గా పోలేదు. గుడ్డ తడిపి తడిపి రుద్దాల్సొచ్చింది.

ఆ వారం నుంచి శుక్రవారాలు బతాలో మెస్సుల ముందు, డబ్బు పంపే దుకాణాల ముందు జగిత్యాల దిక్కువాళ్ళు కనిపిస్తే ఆపి అడగడం మొదలుపెట్టాను. "మా అమ్మకు మతి పోయింది" అని కొడుకు తిట్టాడు. "ఏం పెద్దమ్మా, అప్పిచ్చినవా లింగయ్యకు?" అని కుర్రాళ్ళు వేళాకోళం చేశారు. "అవునురా, నీ దగ్గర వసూలు చెయ్యమన్నాడు" అన్నాను. చివరికి ఒక మెస్సులో చపాతీలు చేసే అతను, లింగయ్యది తమ పక్కూరే అని వాళ్ళింటి ఫోన్ నంబరు ఇచ్చాడు.

అక్కడినుంచే చేస్తే లింగయ్య భార్య ఎత్తింది. నేనెవరో చెప్పి, "లింగయ్య ఎట్లుండాడమ్మా?" అని ఆగాను. ఆమె ఫోన్ తీసుకుపోయి అతని చేతికిచ్చినట్టుంది. "ఎవలు?" అని మెత్తటి గొంతు. బతికే ఉన్నాడు. నేను మెస్సు బల్ల మీద కూర్చున్నాను. రెండు కిడ్నీలూ పోయాయట. జగిత్యాల ఆస్పత్రిలో మిషను మీద రక్తం కడిగించుకుంటున్నాడు. జాకెట్ తొడిగిన నాళ్ళ సంగతి చెప్పాడు. నీడలో కూర్చోనివ్వని సంగతి, కళ్ళు తిరిగి ఇటుకల మీద పడిన సంగతి, ఇంటికొచ్చాక సిగ్గుతో నంబరు మార్చుకున్న సంగతి. మేడమ్‌కు కావలసిన జవాబంతా అందులో ఉంది. అడగమన్నది ఆమేనని, ఆమె పోయిందని నేనూ చెప్పాను.

మరునాడు కొత్త డాక్టరమ్మకు చెప్పాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ రిపోర్టు మూసేశారు, ఇప్పుడు అందులో ఏమీ చేర్చలేమంది. ఆమె తప్పేం లేదు. నేను కాకినాడ నంబరు దాకా వేలు పోనిచ్చి, ఫోన్ పక్కన పెట్టేశాను.

తర్వాతి శుక్రవారం మళ్ళీ లింగయ్యకే చేశాను. ఎట్లుండావని అడిగాను. అతను అన్నాడు:

"అడగమన్న మేడమే లేకపాయె. ఇగ ఇదంత ఎవలకు చెప్తవక్కా?"

"ఎవరికీ చెప్పనులే. నాకు చెప్పు."

గొంతు సవరించుకుని, ఆ వారమంతా ఎట్లా గడిచిందో చెప్పడం మొదలుపెట్టాడు.